టెట్రాలకు ఏం కావాలి?

అక్వేరియం దుకాణంలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్ల చూపు మొదట ఆగేది నియాన్ టెట్రాల మీదే. మూడు నాలుగు సెంటీమీటర్ల చేప. కంటి దగ్గర మొదలై వీపు చివరిదాకా సాగే నీలిగీత, దాని కింద నడుము నుంచి తోకవరకు ఎరుపు. ఐదో ఆరో కవరులో పోయించుకుని ఇంటికి తెస్తారు. చాలా ఇళ్లలో మూడో వారానికి వాటిలో ఒకటో రెండో మిగులుతాయి. "ఇవి సున్నితమైన చేపలండీ" అని దుకాణంవాళ్లు సర్దిచెబుతారు. నీళ్ల పీహెచ్ ఆరుకు దించాలని ఒకరంటారు, ఆర్వో నీళ్లే పోయాలని ఇంకొకరంటారు. మా ఇంట్లో బోరు నీళ్లలోనే నాలుగేళ్లు బతికాయి, ఇవన్నీ అక్కర్లేదని మూడోవారు కొట్టిపారేస్తారు.

ఈ మూడు మాటలకూ ఎంతో కొంత ఆధారం ఉంది. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలన్నది తేల్చుకోకపోవడం వల్లే ఎక్కువ చేపలు పోతున్నాయని నా అభిప్రాయం. ముందు కుదురుకున్న తొట్టి, తర్వాత సరిపడా గుంపు, ఆ తర్వాతే నీటి అంకెలు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

వాటి పుట్టిల్లు చూస్తే అంకెల మీద అంత పట్టుదల ఎందుకొచ్చిందో తెలుస్తుంది. నియాన్ టెట్రా బయటి ప్రపంచానికి తెలిసింది 1934లో. ఆగస్ట్ రబో అనే ఫ్రెంచివాడు పెరూలోని అమెజాన్ ప్రాంతం నుంచి వాటిని పట్టుకొచ్చాడు. 1936లో జార్జ్ మైయర్స్ దానికి శాస్త్రీయనామం పెడుతూ, అమెరికాలో అక్వేరియం పత్రిక నడిపిన విలియం ఇన్నెస్ పేరు కలిపాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1956లో, బ్రెజిల్‌లోని రియో నెగ్రో నుంచి వచ్చిన దాని దాయాది కార్డినల్ టెట్రాకు ఒక్కరోజు తేడాతో రెండు పేర్లు అచ్చయ్యాయి. జంతునామాల అంతర్జాతీయ సంఘం దాకా తగవు వెళ్లి, ముందురోజు అచ్చయిన పేరే నిలిచింది. నియాన్‌కు ఎరుపు నడుము నుంచి మొదలైతే, కార్డినల్‌కు గడ్డం దగ్గర్నుంచే ఉంటుంది. దుకాణంలో తేడా పట్టడానికి ఇదొక్కటి చాలు.

రియో నెగ్రో నీళ్లు డికాషన్ రంగులో ఉంటాయి. వర్షాకాలంలో నది పొంగి అడవిలోకి మైళ్లకొద్దీ పాకుతుంది. నీటమునిగిన చెట్ల కింద, రాలి కుళ్లుతున్న ఆకుల మధ్య ఈ చిన్న చేపలు తిండి వెతుక్కుంటాయి. ఆ నీళ్లలో కరిగిన లవణాలు దాదాపు లేనట్టే. పీహెచ్ చాలాచోట్ల ఐదు లోపే. ఆకుల నుంచి దిగిన టానిన్ల వల్ల నీళ్లు నల్లబడి, వెలుతురు లోపలికి అంతగా దిగదు. ఆ చీకట్లో తోటి చేపను గుర్తుపట్టడానికి ఆ మెరిసే గీత పనికొస్తుందని చాలామంది జీవశాస్త్రవేత్తలు భావిస్తారు.

ఆ మెరుపు రంగుపూత కాదు. గీత ఉన్నచోట చర్మకణాల్లో గ్వానిన్ స్ఫటికాలు పలచని రేకుల్లా దొంతరలుగా పేర్చి ఉంటాయి. వాటి మీద పడ్డ వెలుగు నీలంగా తిరిగొస్తుంది. రేకుల మధ్య ఎడం మారితే రంగు మారుతుంది. తెల్లవారి ట్యాంకు లైటు వేసిన క్షణాన చూస్తే నియాన్ ఒంటి మీద గీత కనీకనపడకుండా, మాసిన ఊదారంగులో ఉంటుంది. ఎరుపు కూడా వెలిసినట్టుంటుంది. కాసేపటికి గీత నీలానికి తిరిగి, ఆ మీదట ఆకుపచ్చ ఛాయ తేలుతుంది. కొత్తగా పెంచేవాళ్లు ఆ పొద్దుటి వెలవెలను చూసి జబ్బనుకుని మందు పోస్తారు. చేప నిద్రలేస్తోంది, అంతే. పగలంతా అలాగే వెలిసి ఉంటే మాత్రం ఆలోచించాలి.

ఇక మన నీళ్లు. హైదరాబాద్ బోర్లలో చాలాచోట్ల, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 500 దాటి చూపిస్తుంది. వెయ్యి చూపించే కాలనీలూ ఉన్నాయి. కుళాయిలకు, బకెట్లకు తెల్లగా గారపట్టే ఈ నీళ్లకూ రియో నెగ్రోకూ పోలికే లేదు. మరి ఇందులో టెట్రాలు ఎలా బతుకుతున్నాయి? ఎందుకంటే దుకాణాల్లో దొరికే నియాన్లలో దాదాపు అన్నీ అడవివి కావు. ఆగ్నేయాసియా ఫారాల్లో తరతరాలుగా పెరిగినవి. అక్కడి నీళ్లు అమెజాన్ అంత మెత్తన కావు, అంటే లవణాలు అంత తక్కువ కావు. పీహెచ్ ఏడున్నర ఉన్న మున్సిపాలిటీ నీళ్లలో అవి హాయిగా పెరుగుతాయి, గుడ్లు మాత్రం పొదగవు. నియాన్ గుడ్లకు బాగా మెత్తని, కాస్త పులుపు నీళ్లే కావాలి, వెలుతురు కూడా పడకూడదు. పెంపకం వేరు, పునరుత్పత్తి వేరు. పుస్తకాల్లోని కఠినమైన అంకెలు చాలావరకు రెండోదానికి రాసినవి.

కాబట్టి 200, 300 టీడీఎస్ ఉన్న కృష్ణా, మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లలో నీటి గురించి బెంగ అక్కర్లేదు. క్లోరిన్ పోవడానికి యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తే సరిపోతుంది. బోరు నీళ్లే దిక్కయినవాళ్లు సగానికి సగం ఆర్వో నీళ్లు కలుపుకోవచ్చు. అయితే ఈ వారం సగం, వచ్చే వారం పావు అని మార్చకూడదు. ఒకసారి పెట్టుకున్న పాళ్లు అలాగే కొనసాగాలి. పీహెచ్ దించే సీసాలు కొనడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. గట్టి నీళ్లలో ఉన్న బైకార్బొనేట్లు ఆ ఆమ్లాన్ని మింగేస్తాయి. సాయంత్రానికి దిగిన పీహెచ్ మర్నాటికి మళ్లీ ఎక్కుతుంది. ఆ ఊగిసలాటే చేపకు చేటు. స్థిరంగా ఏడున్నర ఉండటం, రోజుకోసారి ఆరుకు దిగి ఎక్కడం కంటే వేయిరెట్లు నయం.

నీటి రంగు, టానిన్లు కావాలనుకునేవాళ్లకు విదేశాల్లో ప్యాకెట్లలో డబ్బిచ్చి కొనే వస్తువు మన వీధుల్లోనే రాలుతోంది. విస్తళ్లు కుట్టుకునే బాదం చెట్టు ఆకే అది. చెట్టు మీదే పండి ఎర్రబడి రాలిన ఆకును కడిగి, ఎండబెట్టి, 50 లీటర్లకు ఒకటి చొప్పున వేస్తే నీళ్లు పలచని టీ రంగుకు తిరుగుతాయి. బాగా గట్టి నీళ్లలో దీనివల్ల పీహెచ్ పెద్దగా దిగదు. చేపలకు కాస్త నీడ, చాటు దొరుకుతాయి, ఆకు మీద పెరిగే సూక్ష్మజీవులు మేతవుతాయి. మందు చల్లిన తోటల్లోనివి, రోడ్డు పక్కన దుమ్ము పట్టినవి వాడొద్దు.

అసలు చంపేది ఇవేవీ కావు, అమ్మోనియా. తొట్టి పెట్టిన వారంలోనే టెట్రాలు వేస్తే ఎందుకు పోతాయన్నదానికి జవాబు ఇక్కడుంది. చేప మొప్పల ద్వారా, మిగిలిన మేత కుళ్లడం ద్వారా నీళ్లలోకి అమ్మోనియా చేరుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలే. మూడోది తక్కువ మోతాదులో హాని చేయదు, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో, ఇసుకలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గట్టి నీళ్లకూ మరణాలకూ అసలు ముడి ఇక్కడే. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి అర పాలు మాత్రమే. అదే పీహెచ్ 8 అయితే ఐదు పాళ్లు దాటుతుంది. ఉన్న అమ్మోనియా అంతే, విషం మాత్రం దాదాపు పదింతలు. నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. ఏప్రిల్ నెలలో, బోరు నీళ్లతో, కొత్త తొట్టిలో టెట్రాలు చచ్చిపోతే నింద మోసేది పీహెచ్, హంతకి అమ్మోనియా.

చేయవలసింది ఓపిక పట్టడం. తొట్టిలో మొక్కలు నాటి, ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ చేపలు లేకుండా వదిలేయాలి. నడుస్తున్న పాత ట్యాంకు ఉన్న మిత్రుడి దగ్గర్నుంచి ఒక ముక్క స్పాంజి తెచ్చుకుంటే ఈ కాలం సగానికి సగం తగ్గుతుంది. అంతకన్నా మంచి కానుక ఈ వ్యవహారంలో ఇంకొకటి లేదు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు దించాలి. ఆ తర్వాత కూడా టెట్రాల కోసం మరో నెల ఆగమని అనుభవజ్ఞులు చెబుతారు. అది అతి జాగ్రత్త అనిపించదు నాకు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా ఉతికే అలవాటు ఒకటుంది మనవాళ్లకు. ఆ మురికితోపాటు బ్యాక్టీరియా కూడా పోతుంది. ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే ఒకసారి పిండి వదిలేయాలి.

తొట్టి సైజు విషయంలో ఇన్ని లీటర్లకు ఇన్ని చేపలన్న లెక్కలు టెట్రాలకు అంతగా పనికిరావు. వాటికి కావలసింది ఈదడానికి పొడవు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టి, అంటే సుమారు 55 లీటర్లది, పది పన్నెండు నియాన్లకు సరిపోతుంది. గుండ్రటి గాజు గిన్నెలో రెండు టెట్రాలు పెట్టి బల్ల మీద అలంకరించడం చేపలను నెమ్మదిగా చంపడమే.

రెండెందుకు చాలవు? బ్రిటన్‌లో 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో నియాన్ టెట్రాలతో సహా నాలుగు రకాల అక్వేరియం చేపలను ఒకటి, రెండు, ఐదు, పది చొప్పున ఉంచి వాటి నడవడి గమనించారు. నియాన్లు పెద్ద గుంపుల్లో ఎక్కువసేపు కలిసి తిరిగాయి, ఒకదాన్నొకటి తరుముకోవడం తగ్గింది. మామూలుగా చెప్పే "కనీసం ఆరు" అన్నది దుకాణం లెక్క. పది నుంచి మొదలుపెట్టడం మేలు.

గుంపుగా ఈదడంలో ఒక సూక్ష్మం ఉంది. ఫొటోల్లో కనిపించేలా చేపలన్నీ ఒక్క వరసలో, ఒకే దిక్కుకు బిగుసుకుని తిరుగుతుంటే మనకు ముచ్చటేస్తుంది. నిజానికి నియాన్లు, కార్డినళ్లు అలా బిగుసుకునేది భయపడ్డప్పుడు. కొత్త చోటు, పెద్ద చేప నీడ, ఎవరో గబుక్కున దగ్గరికి రావడం, వీటిలో ఏదో ఒకటి కారణం. నిశ్చింతగా ఉన్న గుంపు సడలి ఉంటుంది. ఒకటి మొక్క దగ్గర ఏదో కొరుకుతూ, రెండు ఎదురెదురుగా రెక్కలు విప్పుకుని బింకం చూపిస్తూ, మిగతావి వాటి చుట్టుపక్కల మెల్లగా కదులుతూ ఉంటాయి. సహజంగానే బిగువుగా తిరిగేది రమ్మీనోజ్ టెట్రా. దాని ముక్కు కుంకుమరంగులో ఉంటుంది. నీళ్లు చెడ్డా, బెదిరినా ముందు ఆ ముక్కే పాలిపోతుంది. టెస్ట్ కిట్ తీసే ముందే సంగతి చెప్పే చేప అది.

గుంపులో కబురు మనకు కనపడని దారుల్లోనూ నడుస్తుంది. చర్మం చిట్లిన చేప నుంచి నీళ్లలోకి వెలువడే పదార్థం తోటిచేపలను హెచ్చరిస్తుందని కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో మినో చేపల్లో చూపించాడు. తేనెటీగల నాట్యభాష విప్పిచెప్పి 1973లో నోబెల్ అందుకున్నది ఈయనే. టెట్రాల్లోనూ అలాంటి స్పందనే ఉంది. ముతక వలతో ఒకదాన్ని గీరితే మిగతావన్నీ మూలకు చేరడానికి ఇదే కారణం. వల బదులు గ్లాసుతో ముంచి తీయడం మంచిది. పైగా వీటి గాలితిత్తికీ లోపలి చెవికీ మధ్య చిన్న ఎముకల గొలుసు ఉంటుంది కాబట్టి చాలా చేపలకన్నా ఇవి బాగా వింటాయి. ట్యాంకు మీద వేలితో కొట్టడం, స్పీకరు పక్కన పెట్టడం మానుకోవాలి.

మన ఎండాకాలం దగ్గరకొచ్చేసరికి ఏ టెట్రా అన్న ప్రశ్న తేలాలి. నియాన్ ఎగువ అమెజాన్‌లోని చల్లటి వాగుల చేప. 21 నుంచి 26 డిగ్రీలు దానికి హాయి. కార్డినల్ 29 వరకు నిబ్బరంగా ఉంటుంది. రామగుండం, విజయవాడ వేసవిలో, ఏసీ లేని గదిలో, తొట్టి నీళ్లు 32 డిగ్రీలు దాటడం మామూలే. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 32 డిగ్రీల దగ్గర 7.3 మాత్రమే పట్టుకుంటాయి. చేపకు మాత్రం ఆ వేడిలో ఊపిరి అవసరం పెరుగుతుంది. అందుకే తెలుగునాట మెత్తని నీళ్లు దొరికే ఇళ్లకు నియాన్ కన్నా కార్డినల్ తగిన చేప అంటాను, ధర ఎక్కువైనా సరే. బోరు నీళ్లు తప్పనివాళ్లకు బ్లాక్ విడో టెట్రా మంచిది. మన దేశంలోనే, చెన్నై కొళత్తూరు వంటి చోట్ల పెంపకందార్లు పొదిగించే చేప కాబట్టి మన నీళ్లకు అలవాటుపడి ఉంటుంది. కాస్త పెద్దది, పొడుగురెక్కల చేపలను కొరికే గుణం ఉంది. సెర్పే టెట్రా ఆ విషయంలో ఇంకా దుడుకు. రెండు సెంటీమీటర్లు దాటని నారింజరంగు ఎంబర్ టెట్రాలు చిన్న తొట్టికి చక్కగా నప్పుతాయి.

వేసవిలో నీటి మీదకు చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరితో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. పొడి ఎండలుండే తెలంగాణలో ఇది బాగా పనిచేస్తుంది, కాకినాడ, విశాఖ ఉక్కపోతలో అంతగా చేయదు. ఆవిరైన నీళ్లకు బదులు పోసేది మాత్రం ఆర్వో నీళ్లే కావాలి. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. మళ్లీ బోరు నీళ్లే పోస్తూపోతే నెలకు టీడీఎస్ రెట్టింపైనా ఆశ్చర్యం లేదు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఆదుకుంటుంది. చాలా గంటలు ఆగిన ఫిల్టరును కరెంటు రాగానే నేరుగా నడపనివ్వకండి. లోపల కుళ్లిన నీళ్లను పారబోసి, స్పాంజి పిండి, ఆ తర్వాత వేయాలి.

మేత సంగతి చిన్నదే. నోరు చిన్నది కనుక గింజలను వేళ్లతో నలిపి వేయాలి. రెండు నిమిషాల్లో తినగలిగినంతే, రోజుకు ఒకటి రెండుసార్లు. వారానికోసారి ఆర్టీమియా గానీ, శుభ్రమైన నీటి దోమపిల్లలు గానీ పెడితే రంగు నిలుస్తుంది. తోడుగా కోరిడోరాస్, చిన్న రొయ్యలు బాగుంటాయి. ఏంజెల్ చేపను కలపొద్దు. అడవిలోనే అది నియాన్లను తినే చేప, పిల్లగా ఉన్నప్పుడు కలిసి తిరిగినా ఎదిగాక మింగేస్తుంది.

జబ్బుల్లో ఎక్కువ భయపెట్టేది నియాన్ టెట్రా జబ్బు. కండరాల్లో చేరే మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవి దీనికి కారణం. గీత మధ్యలో తెగినట్టు తెల్లటి మచ్చ వస్తుంది, వెన్ను వంగుతుంది, చేప గుంపు విడిచి ఒంటరిగా తిరుగుతుంది. దీనికి మందు లేదు. చచ్చిన చేపను మిగతావి కొరికి తినడం వల్ల వ్యాపిస్తుంది కాబట్టి జబ్బుచేపను వెంటనే వేరుచేయాలి. దాదాపు ఇలాగే కనిపించే మరో జబ్బు కాలమ్నారిస్. అది బ్యాక్టీరియా వల్ల వచ్చేది, మొదట్లోనే పట్టుకుంటే చికిత్సకు లొంగుతుంది. మచ్చ నోటి దగ్గర, రెక్కల అంచున దూదిలా మొదలై రోజుల్లో పాకితే అదే కావచ్చు. ఒంటి నిండా ఉప్పురవ్వల్లాంటి చుక్కలైతే అది ఇచ్ అనే జబ్బు. దాని మందుల్లో మలకైట్ గ్రీన్ ఉంటే టెట్రాలకు సగం మోతాదే వాడాలి. కొత్తగా కొన్న చేపలను మూడు నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచాకే పాతవాటితో కలిపితే ఈ పేరాలోని బాధలు చాలావరకు తప్పుతాయి.

రంగులు పూసిన విడో టెట్రాలు ఇప్పటికీ మన దుకాణాల్లో కనిపిస్తాయి. గులాబీ, ఊదా, పచ్చ రంగుల్లో ఉండే తెల్లజాతి చేపలవి. సూదితోనో, రసాయనాల్లో ముంచో ఎక్కించిన రంగు అది. కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, ఈలోపే చాలా చేపలు చస్తాయి. ఇది క్రూరత్వం. ఎవరూ కొనకపోతేనే ఆగుతుంది. పెంచలేకపోతున్నామని చేపలను చెరువులో వదలడం కూడా తప్పే. ఇళ్లలోంచి బయటపడ్డ సక్కర్ చేపలు తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, కాలువల్లో పెరిగిపోయి జాలర్ల వలలను చించేస్తున్నాయి.

అడవిచేపా, ఫారం చేపా అన్న వాదం ఒకటి మిగిలింది. అడవి నుంచి పట్టడం పాపమనే మాట వినడానికి సబబుగా ఉంటుంది. రియో నెగ్రో ఒడ్డున బార్సెలోస్ పట్టణంలో పరిస్థితి వేరు. అక్కడ తరాలుగా కుటుంబాలు చిన్న పడవల్లో, చేతివలలతో కార్డినళ్లను పట్టి బతుకుతున్నాయి. 1989లో మొదలైన ప్రాజెక్ట్ పియాబా పరిశోధకులు చెప్పేదేమిటంటే, వరద తీసినప్పుడు ఈ చేపల్లో చాలావరకు ఎలాగూ చనిపోతాయి, మరుసటి ఏటి వరదకు మళ్లీ పుంజుకుంటాయి. చేపలు డబ్బు తెచ్చిపెడుతున్నంతకాలం ఆ జనం అడవిని కాపాడుకుంటారు, లేకపోతే చెట్లు నరకడానికో బంగారం తవ్వడానికో పోతారు. ఫారం కార్డినళ్లు పెరిగేకొద్దీ ఆ జాలర్ల బేరం తగ్గింది. ఈ వాదంలో నేను బార్సెలోస్ పక్షం. అయితే అడవిచేపను మెత్తని నీళ్లు ఇవ్వగలవాళ్లే కొనాలి. బోరు నీళ్ల ఇళ్లకు ఫారం చేపే న్యాయం.

కొనేరోజు దుకాణంవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఈ లాట్ ఎప్పుడొచ్చింది? నిన్ననో మొన్ననో వచ్చిందంటే ప్రయాణపు బడలికలో ఉన్న చేపలవి, పది రోజులాగి వెళ్లండి. ఆ ట్యాంకులో అడుగున చచ్చినవి ఉన్నాయేమో, మిగతావాటికి దూరంగా మూలన నిలబడ్డవి ఉన్నాయేమో చూడండి. మీ ఎదుటే కాస్త మేత వేయమనండి. ఎగబడి తింటే పది తీసుకోండి, తినకపోతే ఒక్కటి కూడా వద్దు.